హైదరాబాద్ నుంచి బార్సిలోనా, ఐదు రోజుల్లో

మన హైదరాబాద్ వాళ్లకి సముద్రం అంటే శుక్రవారం రాత్రి కారేసుకుని సూర్యలంకకో, రైలెక్కి వైజాగ్‌కో పోవడమే. అలాంటిది మెట్రో దిగి పది నిమిషాలు నడిస్తే అలల్లో కాళ్లు పెట్టొచ్చు, సాయంత్రం తిరిగి ఊళ్లోకొచ్చి అర్ధరాత్రి దాకా తిరగొచ్చు అంటే ఎవరికి వద్దు? దసరా సెలవుల్లో నేను, మా ఆవిడ, మా బావమరిది కుటుంబం కలిసి స్పెయిన్‌లోని బార్సిలోనా వెళ్లొచ్చాం. అప్పటి నుంచి ప్లాన్ చెప్పమని ఫోన్లు, అందుకే ఒకేసారి రాసేస్తున్నా.

టికెట్ల ధరలు తర్వాత చూసుకోవచ్చు, ముందు వీసా అపాయింట్‌మెంట్ సంగతి చూడండి. షెంజెన్ వీసాకి (స్పెయిన్‌తో సహా చాలా యూరప్ దేశాలకి కలిపి ఒకటే వీసా) ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే అప్లై చేయొచ్చు, కనీసం 15 రోజుల ముందైనా చేయాలి. మామూలుగా 15 రోజుల్లో తేలుస్తారు కానీ అనుమానం వస్తే 45 రోజుల దాకా లాగొచ్చు, కాబట్టి కనీసం రెండున్నర నెలలు చేతిలో ఉంచుకోండి. ఫీజు పెద్దవాళ్లకి 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్ల లోపు పిల్లలకి 45, ఆరేళ్లు నిండని వాళ్లకి లేదు, పైన వీసా సెంటర్ వాళ్ల చార్జీలు వేరే. ట్రావెల్ ఇన్సూరెన్స్ 30,000 యూరోలకి తగ్గకూడదు. పాస్‌పోర్ట్ పదేళ్ల లోపు ఇచ్చినదై, తిరిగొచ్చే తేదీ తర్వాత ఇంకో మూడు నెలలు చెల్లాలి, రెండు పేజీలు ఖాళీగా ఉండాలి.

బ్యాంక్ స్టేట్‌మెంట్ దగ్గరే మనవాళ్లు బోల్తా పడతారు. మా బావమరిది బ్యాలెన్స్ బాగా కనబడాలని, చీటీ పాడిన నాలుగు లక్షలు అప్లికేషన్‌కి వారం ముందు ఒక్కసారే అకౌంట్లో వేశాడు. ఆ డబ్బు ఎక్కడిదో చెబుతూ కాగితాలు, ఉత్తరం తర్వాత మళ్లీ ఇవ్వాల్సొచ్చింది, ఇంట్లో పది రోజులు ఒకటే టెన్షన్. నెలనెలా జీతం పడుతున్నట్టు కనిపిస్తే చాలు, హడావిడి డిపాజిట్లు పెట్టుకోకండి.

ఇంకో మాట, "ఎలాగూ అంత దూరం పోతున్నాం, ప్యారిస్ కూడా చుట్టేద్దాం" అనే చుట్టం ప్రతి ఇంట్లో ఒకరుంటారు. వినకండి. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటే వీసా ఆ దేశానికే అడగాలి అనే లెక్క ఒకటి, ఐదు రోజుల్లో ఒక రోజు ఎయిర్‌పోర్టులకే పోతుంది అనేది ఇంకొకటి.

ఎప్పుడు వెళ్లాలంటే మే, జూన్, సెప్టెంబర్ బాగుంటాయి, మా దసరా సెలవులు అక్టోబర్‌లో పడ్డాయి, నీళ్లు కాస్త చల్లగా ఉన్నా దిగగలిగాం. జూలై, ఆగస్టుల్లో ఎండా జనమూ రెండూ ఎక్కువే, సంక్రాంతి సెలవుల్లో వెళ్తే సముద్రాన్ని ఒడ్డున నిలబడి చూసి రావాల్సిందే. కుదిరితే సెప్టెంబర్ 24 చుట్టూ పెట్టుకోండి, అప్పుడు ఆ ఊరి పండగ లా మెర్సె జరుగుతుంది. మనుషుల మీద మనుషులు ఎక్కి గోపురాల్లా నిలబడతారు, చిట్టచివర చిన్నపిల్లో పిల్లాడో పైకి పాకుతారు. మన ఉట్టి గుర్తొస్తుంది కానీ వీళ్లు ఉట్టి కోసం కాదు, ఊరికే ఎక్కుతారు. జూన్ 23 రాత్రయితే బీచ్ అంతా టపాసులే, మన దీపావళికి ఏం తీసిపోదు.

శంషాబాద్ నుంచి నేరుగా ఫ్లైట్ లేదు. దోహా, దుబాయ్, ఫ్రాంక్‌ఫర్ట్ లాంటి చోట మారాలి. బార్సిలోనా ఎయిర్‌పోర్ట్ నుంచి ఊళ్లోకి ఏరోబస్ తేలిక, ఊరి నడిబొడ్డున ప్లాసా కాటలూన్యా దగ్గర దింపుతుంది. మెట్రో ఎక్కితే ఎయిర్‌పోర్ట్ టికెట్ వేరే కొనాలి, ఊళ్లో వాడే టీ-కాజువల్ కార్డు అక్కడ పనిచేయదు. ఆ కార్డులో పది ప్రయాణాలుంటాయి కానీ ఒక్క మనిషికే. కుటుంబమంతా ఒకే కార్డు వాడాలంటే టీ-ఫమిలియార్ అడగండి, ఎనిమిది ప్రయాణాలు అందరూ పంచుకోవచ్చు. మాకిది మూడో రోజు గానీ తెలియలేదు.

బస లా రాంబ్లా అనే పెద్ద వీధి మీద వద్దు, రాత్రంతా గోల. ఎషాంప్లా పేట గానీ, సముద్రానికి దగ్గరగా పొబ్లెనోవ్ పేట గానీ చూసుకోండి. ఫ్లాట్ అద్దెకి తీసుకుంటే టూరిస్ట్ లైసెన్స్ నంబర్ ఉందో లేదో చూడండి. అలాంటి ఫ్లాట్లన్నీ 2028 కల్లా ఆపేయిస్తామని అక్కడి మేయర్ 2024లోనే ప్రకటించారు. హోటల్లో తలకి, రాత్రికి ఇంత అని టూరిస్ట్ పన్ను కూడా కట్టించుకుంటారు.

ఇక చూడాల్సినవి. రోజుకి ఒక్క పెద్ద చోటు చాలు. సగ్రాడా ఫమీలియా చర్చి టికెట్ వీసా చేతికి రాగానే ఆన్‌లైన్‌లో తీసేయండి, గేటు దగ్గర దొరుకుతుందని పోతే ఉసూరుమంటూ రావాలి. సాయంత్రం స్లాట్ తీసుకోండి, పడమటి వైపు అద్దాలు ఎరుపు, నారింజ రంగులు, పొద్దు వాలే వేళ ఆ వెలుగు లోపల స్తంభాల మీద పరుచుకుంటుంటే మా ఆవిడ అరగంట మాట్లాడలేదు (రికార్డు). పని మొదలైంది 1882లో, మరుసటి ఏడాది ఆర్కిటెక్ట్ గౌడీ చేతికొచ్చింది, ఆయన 1926లో ట్రామ్ గుద్ది పోయారు, సమాధి కూడా ఆ చర్చిలోనే, పని మాత్రం ఇంకా నడుస్తూనే ఉంది. ఇది చూశాక మన ఫ్లైఓవర్ల ఆలస్యం గురించి మాట్లాడటం మానేశాను. పార్క్ గుయెల్‌కీ టైమ్ స్లాటే, అరగంట దాటి ఆలస్యమైతే లోపలికి రానివ్వరు.

తిండి దగ్గర గడియారం మార్చుకోవాలి. మొదటి రోజు రాత్రి ఏడింటికి ఆకలితో హోటల్‌కి పోతే వంట ఎనిమిదిన్నరకి మొదలవుతుందన్నారు, పిల్లలు చిప్స్‌తో సరిపెట్టుకున్నారు. అక్కడ మధ్యాహ్న భోజనం రెండింటికి, రాత్రిది తొమ్మిదికి. మామూలు రోజుల్లో మధ్యాహ్నం 'మెనూ దెల్ దియా' అడిగితే రెండు వంటకాలు, స్వీటు కలిపి ఒకే ధరకి వస్తుంది. శాకాహారులు 'సిన్ కార్నే, సిన్ పెస్కాదో' (మాంసం లేకుండా, చేప లేకుండా) అని రెండూ చెప్పాలి, మాంసం ఒక్కటే వద్దంటే చేప వేస్తారు. అక్కడి తోర్తియా అంటే ఆమ్లెట్ లాంటిది, గుడ్డు ఉంటుంది. అన్నం మీద బెంగ పుడితే రవాల్ పేట వైపు మన ఉపఖండం వాళ్ల హోటళ్లు, కిరాణా కొట్లు ఉన్నాయి. ఆవకాయ, కందిపొడి పట్టుకెళ్లండి, కానీ నెయ్యి, పాలకోవా, చికెన్ పచ్చడి వద్దు, మాంసం, పాల పదార్థాలు బయటి నుంచి యూరప్‌లోకి తేకూడదు.

బీచ్ కొస్తే, బార్సెలొనేటాలో ఫొటో దిగి ఉత్తరంగా నడవండి. నోవా ఇకారియా, బొగతెల్ ఇంకా ప్రశాంతంగా ఉంటాయి. ఒకప్పుడు ఫ్యాక్టరీలు, రైలు పట్టాలు ఉన్న ఈ తీరాన్ని 1992 ఒలింపిక్స్ కోసం బాగుచేశారు. ఇంకా పోతే మార్ బెల్లా, అక్కడ కొంత భాగంలో బట్టలు లేకుండా ఉంటారు, మామగారితో వెళ్లేవాళ్లు ముందే తెలుసుకుంటే మంచిది. ఎక్కడైనా చూపు మీ దగ్గర, ఫోన్ కెమెరా జేబులో ఉంచండి. ఇసుకలో సిగరెట్ 2022 నుంచి నిషేధం. ఈత బట్టలతోనే ఊళ్లో తిరిగితే ఫైన్ వేయొచ్చు. ఎర్ర జెండా ఉంటే నీళ్లలోకి దిగకండి.

జేబుదొంగలు మాత్రం నిజం. టేబుల్ మీద ఫోన్ పెట్టి కబుర్లలో పడకండి, మెట్రోలో బ్యాగు ముందుకి వేసుకోండి, పాస్‌పోర్ట్ హోటల్ లాకర్లో పెట్టి జిరాక్స్ తిప్పండి. సముద్రంలోకి అందరూ ఒకేసారి దిగకుండా ఒకరు సామాను దగ్గర కూర్చోవాలి, మాలో ఆ డ్యూటీ ప్రతిసారీ బావమరిదికే పడింది, చీటీ డబ్బుల శిక్ష అన్నమాట. ఏమైనా అయితే 112.

తిరుగు ప్రయాణం రోజు, షాపింగ్ చేసి ఉంటే కొన్నప్పుడే పాస్‌పోర్ట్ చూపించి పన్ను వాపసు ఫారం తీసుకోండి, దానికి కనీస బిల్లు అంటూ లేదు. ఎయిర్‌పోర్ట్‌లో దీవా మెషీన్ దగ్గర ఆ ఫారం స్కాన్ చేశాకే బ్యాగులు చెక్-ఇన్‌కి ఇవ్వండి, వస్తువు చూపించమంటే చేతిలో ఉండాలి కదా.