నార కాంపోజిట్లు మనమే నేర్చుకుందాం - పాఠం 3: కాస్టిక్‌లో నానబెట్టడం, తూకం వేయడం

నారని రెసిన్ (గట్టిపడే జిగురు లాంటి ద్రవం)తో కలిపి చేసేదే కాంపోజిట్, పోయిన పాఠంలో నార, రెసిన్ ఎందుకు కలవవో చూశాం కదా, నారకి బలాన్నిచ్చే ముఖ్య పదార్థం సెల్యులోజ్‌కి నీళ్ళంటే ప్రాణం, రెసిన్‌కి నీళ్ళంటే పడదు, పైగా నార మీద మైనం లాంటి పొర ఒకటి. అందుకే విరిగిన కాంపోజిట్ ముక్కని భూతద్దంలో చూస్తే నార తెగకుండా ఊడొచ్చిన చోటల్లా సన్నటి కన్నాలు కనిపిస్తాయి. ఈసారి ఆ పొర తీసేద్దాం.

జనపనారతో మొదలెడదాం. 50 గ్రాముల కాస్టిక్ సోడాతో 1 లీటరు ద్రావణం, అంటే 5 శాతం, అందులో 50 గ్రాముల నార. ముందు నీళ్ళు, తర్వాత కాస్టిక్ కొంచెం కొంచెంగా, ఎప్పుడూ ఇదే వరస, తిరగేస్తే సలసలా కాగి మీద చిందుతుంది. గ్లౌజులు, కళ్ళద్దాలు తప్పనిసరి. అల్యూమినియం గిన్నె అస్సలు వద్దు, కాస్టిక్ దాన్ని తినేసి హైడ్రోజన్ వదులుతుంది. మామూలు గది వేడిలో 4 గంటలు చాలు, కాసేపటికి నీళ్ళు పసుపు తిరిగి గోధుమరంగులోకి వస్తాయి, అది కరిగొచ్చిన హెమీసెల్యులోజ్, కొంత లిగ్నిన్ (నారలో సెల్యులోజ్‌తో పాటు ఉండే పదార్థాలు). ఇంకాసేపు ఉంచితే ఇంకా మంచిదేమో అనుకోకండి, మితిమీరితే సెల్యులోజే దెబ్బతిని నార బలం పోతుంది. తర్వాత బాగా కడిగి, చివరి నీళ్ళలో రెండు చుక్కల ఎసిటిక్ యాసిడ్ వేసి, పీహెచ్ పేపర్ 7 చూపించేదాకా కడగండి.

దీన్ని చాలామంది మెర్సరైజేషన్ అని రాసేస్తారు, పత్తి బట్ట మీద కాస్టిక్ పనికి 1850లో పేటెంట్ తీసుకున్న జాన్ మెర్సర్ పేరది, కానీ అసలు మెర్సరైజేషన్‌కి ఇంతకంటే చాలా గాఢత కావాలి. పరిశోధన పేపర్ చదివేటప్పుడు పేరు కాదు, శాతం చూడండి.

ఇక తూకం. నేను మొదట్లో ఇక్కడే దెబ్బతిన్నా, అందుకే గట్టిగా చెప్తున్నా. బయట గాలిలో ఉన్న 50 గ్రాముల జనపనారలో దాదాపు 6 గ్రాములు నీళ్ళే ఉంటాయి, అసలు నార 44. ట్రీట్‌మెంట్ అయ్యాక ఆరబెట్టి తూస్తే 40 వచ్చిందనుకోండి, 50 నుంచి 40 అంటే 20 శాతం పోయిందని రాసేస్తాం, నిజానికి పోయింది 44లో 4, అంటే 9 శాతమే! లెక్క సగానికి సగం తప్పు. కాబట్టి ముందూ వెనకా రెండుసార్లూ 80 డిగ్రీల ఓవెన్‌లో పెట్టి, గంటకోసారి తూస్తూ, వరసగా రెండుసార్లు ఒకే బరువు వచ్చేదాకా ఆరబెట్టండి, చల్లార్చేటప్పుడు సిలికా జెల్ వేసిన మూత డబ్బాలో ఉంచండి, లేకపోతే మళ్ళీ తేమ లాగేస్తుంది. ఆ తేమతోనే రెసిన్ పోస్తే వేడికి ఆవిరై లోపల బుడగలు మిగులుతాయి.

నానో జింక్ ఆక్సైడ్ (జింక్ ఆక్సైడ్ అతి సన్నటి కణాలు) పూసే బట్టలకీ ఈ శుభ్రమే పునాది, మైనం మీద కణాలు అతుక్కున్నట్టే ఉంటాయి, ఉతకగానే నీళ్ళలోకి పోతాయి, అలాంటి బట్టని పర్యావరణహితం అనడం నాకైతే ఒప్పదు. అది పాఠం 5లో.

ఈలోపు ట్రీట్ చేసిన నార కుచ్చు ఒకటి, చెయ్యనిది ఒకటి పక్కపక్కన పెట్టి చెరో నీటి చుక్క వేయండి, ఏది ఎన్ని సెకన్లలో పీల్చిందో, రెండు పొడి బరువులతో పాటు రాసి ఉంచండి, పాఠం 4లో రెసిన్ పాళ్ళు ఆ బరువు నుంచే లెక్కేస్తాం.