ఉద్యోగం చేస్తూ గ్రూప్-2 కు చదివేవారికి అరవై ఘడియల లెక్క

ఉద్యోగం చేస్తూ తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగాల గ్రూప్-2 పరీక్షకు చదువుతున్నవారిలో ఎవరిని కదిలించినా మొదట వినిపించే మాట, టైము దొరకడం లేదన్నదే. ఆ మాటలో అబద్ధం లేదు. కానీ దొరికే కాస్త సమయాన్నీ గంటల్లో కొలుచుకోవడం వల్ల మరింత పోగొట్టుకుంటున్నామని, ఒక ప్రైవేటు సంస్థ అకౌంట్స్ విభాగంలో పని చేస్తూ నాలుగేళ్లు చదివిన అనుభవంతో చెప్పగలను. రెండు గంటలు ఖాళీ దొరికితే కూర్చుందామని ఎదురుచూసేవారికి ఆ రెండు గంటలు ఆదివారం తప్ప రావు. ఈలోగా ఇరవై నిమిషాలు, అరగంట చొప్పున రోజుకు ఐదారు ముక్కలు చేజారిపోతూనే ఉంటాయి. రోజును మన పెద్దలు కొలిచినట్టు ఘడియల్లో కొలుచుకుంటే ఆ ముక్కలన్నీ లెక్కలోకి వస్తాయి.

పంచాంగం చూసే ఇళ్లలో ఈ కొలత కొత్తది కాదు. రోజుకు 60 ఘడియలు, ఘడియకు 60 విఘడియలు. ఒక ఘడియ మన గడియారంలో 24 నిమిషాలు. రెండు ఘడియలు కలిస్తే ముహూర్తం, ఏడున్నర కలిస్తే జాము. అడుగున సన్నని రంధ్రం ఉన్న రాగి గిన్నెను నీళ్లపై వదిలి, అది నిండి మునిగేవరకు ఒక ఘడియగా లెక్కపెట్టేవారు. 1980ల చివర్లో ఇటలీలో ఫ్రాన్సెస్కో సిరిల్లో అనే విద్యార్థి, టమాటా ఆకారంలో ఉండే వంటింటి టైమరు పెట్టుకుని చదువుతూ 25 నిమిషాల విడతల పద్ధతిని తయారుచేసుకున్నాడు. పొమొడోరో పేరుతో అది ఎన్నో దేశాల్లో వాడుకలోకి వచ్చింది. మన ఘడియకూ ఆ విడతకూ తేడా ఒక్క నిమిషమే. మనసు చెదరకుండా ఒక పని మీద నిలపగలిగే కాలం దాదాపు అంతేనని నా అనుభవం కూడా చెబుతోంది.

ముందు మూడు రోజులు రాయండి

టైంటేబుల్ వేసుకునే ముందు ఒక చిన్న నోటుపుస్తకం జేబులో పెట్టుకుని, మూడు రోజుల పాటు చేసిన ప్రతి పనినీ మొదలుపెట్టిన వేళతో సహా రాయండి. వాటిలో రెండు పనిదినాలు, ఒకటి ఆదివారం అయితే చాలు. రాత్రి పడుకునే ముందు గుర్తు తెచ్చుకుని రాస్తే లెక్క తప్పుతుంది కాబట్టి, పని మారినప్పుడల్లా అప్పటికప్పుడే రాయాలి. నా నోటుపుస్తకంలో మొదటి రోజు సాయంత్రం ఇలా ఉంది: 6.50 ఇల్లు చేరడం, 6.55 టీ, 7.05 ఫోను, 7.50 స్నానం. టీ తాగుతూ ఐదు నిమిషాలు ఫోను చూశాననే ఆ రోజు అనుకున్నాను. కాగితం మీద అది 45 నిమిషాలు, అంటే దాదాపు రెండు ఘడియలు. ఆ ఒక్క వరుస చూశాక నాకు ఎవరూ ఏమీ చెప్పనవసరం లేకపోయింది.

మూడు రోజుల తర్వాత అరవై ఘడియలను పంచి చూడండి. హైదరాబాదులో ఆఫీసుకు వెళ్లివచ్చే సగటు ఉద్యోగి రోజు ఇంచుమించు ఇలా ఉంటుంది: నిద్రకు 18 ఘడియలు, ఆఫీసులో ఉండే తొమ్మిది గంటలకు ఇరవై రెండున్నర, రాకపోకల రెండు గంటలకు 5. ఇక్కడికి నలభై ఐదున్నర అయిపోయాయి. స్నానం, భోజనం, కూరగాయలు, పిల్లల హోంవర్కు, ఇంట్లో వాళ్లతో నాలుగు మాటలు, వీటన్నిటికీ 8 తీసేస్తే మిగిలేవి ఆరున్నర. ఆ ఆరున్నరనూ చదువుకే రాసుకోవడం మొదట్లో నేను చేసిన పెద్ద తప్పు. ఏదో ఒక రోజు బంధువులు వస్తారు, ఆఫీసులో నెలాఖరు లెక్కలు ఉంటాయి, ఒంట్లో బాగుండదు. అప్పుడు టైంటేబుల్ మొత్తం కూలిపోయి, దానితో పాటు మనసు కూడా కుంగిపోతుంది. పనిదినాల్లో నాలుగు ఘడియలు మాత్రమే చదువుకు రాసుకుని, మిగిలిన రెండున్నర అనుకోని పనుల కోసం వదిలేయండి. ఆరు రోజులకు 24, ఆదివారం 10 కలిపితే వారానికి 34 ఘడియలు, అంటే పదమూడున్నర గంటలకు పైమాటే. కోచింగులో రోజంతా కూర్చునేవారితో పోల్చుకుంటే ఇది తక్కువగా కనిపించవచ్చు గానీ, వారం తర్వాత వారం తప్పకుండా జరిగే 34 ఘడియలు తక్కువేమీ కావు.

నిద్ర నుంచి మాత్రం ఒక్క ఘడియ కూడా తీయవద్దని గట్టిగా చెబుతున్నాను. పొద్దున్నే లేచి చదవడం మంచి అలవాటే, కానీ నాలుగున్నరకు లేవాలంటే తొమ్మిదిన్నరకల్లా పడుకోవాలి. పన్నెండుకు పడుకుని నాలుగున్నరకు లేచినవారు పుస్తకం ముందు కూర్చోగలరేమో గానీ, చదివినది నిలుపుకోలేరు.

ఒక ఘడియలో ఏం చేయాలి

ఘడియ చిన్నది కాబట్టి, కూర్చున్నాక ఏం చదవాలా అని ఆలోచించే తీరిక ఉండదు. ఏ పుస్తకం, ఏ పేజీ నుంచి అన్నది ముందురోజు రాత్రే చీటీ మీద రాసి పుస్తకంలో పెట్టుకోవాలి. ఫోను మరో గదిలో ఉండాలి. మా ఇంట్లో అది వంటింట్లో బియ్యం డబ్బా మీద ఉండేది. టైమరు కోసం ఫోను దగ్గర పెట్టుకుంటామనే వారికి, అంగడిలో దొరికే మామూలు అలారం గడియారం సరిపోతుంది.

24 నిమిషాలను నేను ఇలా విభజించుకున్నాను. మొదటి రెండు నిమిషాలు, నిన్న చదివినది పుస్తకం తెరవకుండా గుర్తు తెచ్చుకోవడం. తర్వాత పదిహేను నిమిషాలు కొత్త భాగం చదవడం. ఆ తర్వాత పుస్తకం మూసి ఐదు నిమిషాలు తెల్లకాగితం మీద రాయడం. చివరి రెండు నిమిషాలు రాసినదాన్ని పుస్తకంతో సరిచూసి తప్పులను ఎర్ర పెన్నుతో దిద్దుకోవడం. ఉదాహరణకు, నాలుగో పేపరులో వచ్చే తెలంగాణ ఉద్యమ చరిత్రలో ముల్కీ అంశం, అంటే ఉద్యోగాల్లో స్థానికుల హక్కు గురించిన అంశం, తీసుకోండి. చదివి పుస్తకం మూశాక కాగితం మీద ఈ వరుస రావాలి: 1919 నాటి ఫర్మానా, 15 ఏళ్ల నివాసం, 1956 ఫిబ్రవరి 20 న పెద్దమనుషుల ఒప్పందం, 1969 ఉద్యమం, 1973 లో ఆరు సూత్రాల పథకం, 1975 లో రాష్ట్రపతి ఉత్తర్వులు, 1985 చివర్లో 610 జీవో. మొదటిసారి రాసినప్పుడు నాకు మధ్యలో రెండు రాలేదు, ఒక సంవత్సరం తప్పు పడింది. చదువుతున్నంతసేపూ అంతా తెలిసినట్టే అనిపించింది గానీ, తెలియనిదేదో కాగితం మాత్రమే చూపించింది.

రాసి చూసుకోవడం దండగని, ఆ ఐదు నిమిషాలూ ఇంకో రెండు పేజీలు చదవవచ్చని చాలామంది అనుకుంటారు. 2006 లో అమెరికాలో రోడిగర్, కార్పికె అనే పరిశోధకులు విద్యార్థుల మీద ఇదే పరీక్షించి చూశారు. ఒక పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవారు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తర్వాత పెట్టిన పరీక్షలో మాత్రం, ఒకసారి చదివి గుర్తు తెచ్చుకుని రాసినవారే ముందున్నారు. మనకు కావలసినది ఐదు నిమిషాల జ్ఞాపకం కాదు కదా, నెలల తరబడి నిలిచే జ్ఞాపకం.

మరుపు ఎంత త్వరగా పని చేస్తుందో జర్మనీకి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హాస్ తన మీద తానే ప్రయోగాలు చేసుకుని 1885 లో ప్రచురించాడు. నేర్చుకున్నదానిలో ఎక్కువ భాగం మొదటి రోజులోనే జారిపోతుందని, ఆ తర్వాత మరుపు వేగం తగ్గుతుందని ఆయన చూపాడు. కాబట్టి మొదటి రివిజన్ మరునాడే పడాలి. తర్వాత వారానికి ఒకసారి, నెలకు ఒకసారి చాలు. ఎర్ర పెన్నుతో దిద్దిన కాగితాలనే రివిజన్‌కు వాడుకోండి. మియాపూర్‌లో మెట్రో ఎక్కి ఎల్‌బీ నగర్‌లో దిగేవారికి ఒక్కో వైపు రెండు ఘడియల ప్రయాణం; నిలబడే చోటు దొరికితే చాలు, మడిచిన కాగితం చేతిలో పట్టుకుని చూసుకోవచ్చు. కొత్త పాఠాలు మాత్రం ప్రయాణంలో పెట్టుకోవద్దు.

పుస్తకానికి ఎన్ని ఘడియలు

నెలరోజుల్లో ఎకానమీ అయిపోతుందని అనుకోవడం, మూడు నెలలైనా సగంలోనే ఉండటం చాలామందికి ఎదురయ్యే స్థితి. తమ పనికి పట్టే కాలాన్ని మనుషులు తరచూ తక్కువగా అంచనా వేస్తారని మనస్తత్వ శాస్త్రవేత్తలు డానియెల్ కానెమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ 1979 లో రాశారు. దీనికి మందు, ఊహించడం మాని కొలవడమే. ప్రతి పుస్తకంలోనూ ఒక ఘడియకు ఎన్ని పేజీలు నడుస్తున్నాయో నాలుగు సార్లు చూసి సగటు తీయండి. పాలిటీలో నాకు ఏడు పేజీలు నడిచేవి; ఎకానమీలో, పట్టికలూ పథకాలూ ఉండటం వల్ల, నాలుగే. 320 పేజీల ఎకానమీ పుస్తకం మొదటిసారి చదవడానికే 80 ఘడియలు పడుతుంది. వారానికి ఉన్న 34 లో సగం రివిజన్‌కూ బిట్లకూ పోతే కొత్త చదువుకు మిగిలేవి 17 కాబట్టి, ఆ పుస్తకానికి ఐదు వారాలు కావాలి. ఈ లెక్క వేసుకున్న రోజున కాస్త భయం వేస్తుంది. కానీ ఆ తర్వాత, అనుకున్నది జరగలేదన్న దిగులు చాలావరకు పోతుంది.

టైంటేబుల్‌ను పరీక్ష తేదీకి కట్టేయవద్దని చెప్పడానికి ఒక బలమైన ఉదాహరణ ఉంది. తెలంగాణలో గత గ్రూప్-2 నోటిఫికేషన్ 2022 డిసెంబరు 29 న వచ్చింది. పరీక్షను మొదట 2023 ఆగస్టుకు పెట్టి, తర్వాత నవంబరుకు, 2024 జనవరికి, ఆగస్టుకు మార్చుతూ, చివరకు 2024 డిసెంబరు 15, 16 తేదీల్లో జరిపారు. పరీక్షకు ముందు రెండు నెలలు సెలవు పెట్టి, నిద్ర మాని చదివినవారు ప్రతి వాయిదాకూ ఎంత నలిగిపోయారో దగ్గర నుంచి చూశాను. వారానికి 34 ఘడియలన్న లెక్కకు తేదీతో పని లేదు. తేదీ మారినా సోమవారం ఉదయపు చీటీ మారదు. సెలవులను మాత్రం హాల్‌టికెట్లు చేతికి వచ్చేదాకా దాచుకోండి.

అయితే ఘడియల పద్ధతికి ఒక లోపం ఉంది, దానిని దాచడం సరికాదు. గ్రూప్-2 లో నాలుగు పేపర్లు, ఒక్కొక్కదానికి 150 ప్రశ్నలు, రెండున్నర గంటలు. ఎడతెగకుండా ఆరు ఘడియలకు పైగా కూర్చోవాలి, పైగా ఒకే రోజు రెండుసార్లు. చిన్న ముక్కల్లో చదవడానికి అలవాటుపడిన ఒళ్లు గంట దాటేసరికి కదులుతుంది, చూపు ప్రశ్న మీద నిలవదు. ఆ ఓర్పు ఆదివారం నేర్చుకోవాలి. ఆదివారపు పది ఘడియల్లో ఆరుంపావు ఒకే బిగిన కూర్చోవడానికి తీసి, పాత పేపరు లేదా గ్రాండ్ టెస్ట్‌ను (పూర్తి నమూనా పరీక్షను) ఓఎంఆర్ షీటు మీద బబ్లింగ్‌తో, అంటే జవాబు గుండ్రాలు నింపడంతో సహా చేయండి. మిగిలిన కాలంలో తప్పులు చూసుకోండి. తెలియక పోయిన ప్రశ్నలు వేరుగా, తెలిసీ తొందరలో పోయినవి వేరుగా రాసుకుంటే, వచ్చే వారం ఏ పుస్తకం తెరవాలో ఆ జాబితానే చెబుతుంది.

ఇంటిపని మొత్తం తమ మీదే ఉన్న స్త్రీలకు పైన వేసిన లెక్క సరిపోదు. ఎనిమిది ఘడియల్లో ఇంటిపని ముగియడం వారి విషయంలో జరిగే పని కాదు, ఆ మాట చెప్పకుండా పొద్దున్నే లేవండి అని సలహా ఇవ్వడం అన్యాయం. వారు మూడు రోజుల నోటుపుస్తకాన్ని భర్త ముందు, అత్తగారి ముందు పెట్టి మాట్లాడటం అవసరం. మా అక్క అలాగే చేసింది. రాత్రి ఎనిమిది నుంచి ఎనిమిది యాభై వరకు, అంటే సుమారు రెండు ఘడియలు, పిల్లల్ని బావగారు చూసుకోవాలని, ఆ వేళలో తలుపు తట్టకూడదని ఒప్పందం కుదిరింది. మొదటి వారం నాలుగుసార్లు తట్టారు. మూడో వారానికి ఆగిపోయింది.

ఒక రోజు పూర్తిగా తప్పిపోతే ఆ నాలుగు ఘడియలను మరునాటికి కలిపి ఎనిమిది చేయవద్దు. అవి పోయినవే. మరునాడు మామూలు నాలుగే చదవండి. వారంలో తప్పిన మొత్తాన్ని ఆదివారం రాత్రి నోటుపుస్తకంలో అంకెగా రాయండి. వరుసగా మూడు వారాలు 34 కు పది తగ్గుతుంటే మీ లెక్కే ఎక్కువ వేసుకున్నారని అర్థం, దానిని 24 కు దించండి. ఆ పని ముగిశాక సోమవారం ఉదయానికి పుస్తకం పేరు, పేజీ నంబరు చీటీ మీద రాసి పుస్తకంలో పెట్టి, ఫోనును బియ్యం డబ్బా మీద ఉంచి పడుకోండి.