స్కార్లెట్ విచ్ కామిక్ చదివే పిల్లలకి విక్కా గురించి ఎలా చెప్పాలి

మా అక్క కూతురు బెంగళూరు చర్చ్ స్ట్రీట్‌లో పాత కామిక్ ఒకటి కొనుక్కొచ్చి, వేళ్లు వంకర తిప్పి ఎర్రటి వెలుగు విసురుతున్న వాండా, అదే స్కార్లెట్ విచ్, బొమ్మ మీద వేలు పెట్టి "పిన్నీ, విక్కా అంటే ఇదేనా?" అంది.

మీ ఇంట్లో ఎవరైనా ఇలా అడిగితే విచ్ అనే మాటని గబుక్కున మంత్రగత్తె అనెయ్యకండి. 1990లలో ఇక్కడ బెంగళూరులో తలుపుల మీద "నాళె బా" అనీ, మన ఊళ్లలో "ఓ స్త్రీ రేపు రా" అనీ రాసుకున్న జనం మనం. మంత్రగత్తె అనగానే వెనకే చేతబడి వచ్చేస్తుంది, ఆ నింద పడి ప్రాణాలు పోయిన ఆడవాళ్లున్నారు. విచ్‌ని విచ్ అనే ఉంచండి.

తర్వాత ఆ శక్తి ఎక్కణ్నుంచి వస్తోందో పిల్లల చేతే వెతికించండి. 1964లో ఎక్స్-మెన్ 4వ సంచికలో మొదటిసారి కనిపించినప్పుడు వాండా మ్యూటెంట్, అంటే శక్తి పుట్టుకతో వచ్చిందే. అగాథా హార్క్‌నెస్ అనే ఇంకో విచ్ దగ్గర మంత్రవిద్య నేర్చుకోవడం 1970లలో మొదలైంది. అదే 1964లో వచ్చిన జటానా అనే మరో కామిక్ పాత్ర మాటల్ని తిరగేసి పలికితే చాలు, పని అయిపోతుంది. విక్కా అలా కాదు, అదొక మతం, దాన్ని పాటించేవాళ్లలో చాలామంది తమని విచ్ అనే చెప్పుకుంటారు. బ్రిటన్‌లో పాత మంత్రవిద్య చట్టం 1951లో రద్దయ్యాక విక్కాని జనంలోకి తెచ్చిన జెరాల్డ్ గార్డ్‌నర్ ఆ మతం గురించి బాహాటంగా రాశాడు. చాలామంది విక్కన్లు ఒక దేవతనీ ఒక దేవుణ్నీ కొలుస్తారు, రుతువుల వెంట ఏడాదికి 8 పండగలు చేసుకుంటారు, ఎవరికీ హాని చెయ్యొద్దనేది వాళ్లు పట్టుకునే నియమం. సంక్రాంతితో పోల్చి చెప్పాను, మా పిల్లకి వెంటనే ఎక్కింది.

వలయంలో అయిదు కోణాల చుక్క కనబడితే దెయ్యం గుర్తు అనకండి, అది విక్కన్ల గుర్తు. అమెరికాలో 2007లో విక్కన్ సైనికుల సమాధి రాళ్ల మీద దాన్ని చెక్కడానికి ప్రభుత్వమే ఒప్పుకుంది.

ఇక నాకు మింగుడుపడనిది ఒకటుంది, దీనికి మాత్రం కాస్త టైమ్ ఇవ్వండి. ఈ కామిక్స్ విచ్‌ని ముసలి రాక్షసిలా కాకుండా ఆడపిల్లలు ఇష్టపడే మనిషిగా చూపించాయి, అది నిజంగా మంచి పని, కానీ వాండాకి బలం పెరిగినప్పుడల్లా మనసు అదుపు తప్పుతుంది. 2005 నాటి హౌస్ ఆఫ్ ఎమ్ కామిక్‌లో ఒక్క మాటతో దాదాపు మ్యూటెంట్లందరి శక్తులూ పోగొట్టేస్తుంది. శక్తి ఉన్న ఆడదంటే ఉన్న ఆ పాత భయమే ఇది. అలాంటి పేజీ దగ్గర ఆపి, ఏమనిపించిందో అడగండి, మీరు ముందే చెప్పెయ్యకండి. మా పిల్ల కాసేపు చూసి, "మరి అన్ని మంత్రాలు వేసే డాక్టర్ స్ట్రేంజ్‌ని చూసి ఎవరూ ఇంత భయపడరేం?" అంది.