చెన్నైలో కూర్చుని ఆర్కిటిక్ మీద ప్రాజెక్టు చేయడం ఎలా?

నేను తరమణిలో శాటిలైట్ చిత్రాల మీద పని చేస్తాను. నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి వచ్చి ఇక్కడ ఎంఎస్సీ చదివే పిల్లలు ప్రాజెక్టుల సీజన్ రాగానే "అక్కా, ఆర్కిటిక్ మీద చేస్తే ఎలా ఉంటుంది?" అని అడుగుతుంటారు. బ్రహ్మాండంగా ఉంటుంది. వీసా, టికెట్ లేకుండా కూడా చేయొచ్చు. కాకపోతే ఆ మంచు మీద బతికే మనుషుల్ని పక్కన పెట్టి మంచును మాత్రమే చూస్తామంటే నేను ఒప్పుకోను. ఎందుకో, ఎలా చేయాలో చెబుతాను.

ముందు చోటు తేల్చుకోండి. చాలామంది హిమాద్రి పేరుతో మొదలుపెడతారు. 2008లో మన దేశం ఆర్కిటిక్‌లోని నార్వే దీవులైన స్వాల్‌బార్డ్‌లో తెరిచిన పరిశోధన స్టేషన్ అది. అక్కడి ఫ్యోర్డ్‌లో (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలో) 2014లో దింపిన ఇండార్క్ అనే సముద్ర పరికరాల వెనుక మన పళ్లికరణైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ ఎన్‌ఐఓటీ వాళ్ల పని ఉంది. సముద్రపు నీటి వేడి, ఉప్పదనం మీ ప్రశ్న అయితే అటు వెళ్లండి. కానీ స్వాల్‌బార్డ్, ఆర్కిటిక్ ఆదివాసులైన ఇన్యూట్‌ల నేల కాదు. వాళ్ల ఊళ్లు గ్రీన్‌ల్యాండ్, ఉత్తర కెనడా, అలాస్కా, రష్యా తూర్పు కొసన ఉన్న చుకోట్కాలో ఉన్నాయి. అంతా కలిపి సుమారు 1,80,000 మంది. కొత్తవాళ్లకు నేను కెనడాలోని నూనవుట్ చెబుతాను. 1999లో ఏర్పడిన ప్రాంతం, జనంలో ఎక్కువమంది ఇన్యూట్‌లే, పరిశోధకులు ఏం చేయాలో నిబంధనలు స్పష్టంగా ఉన్నాయి.

ఇక డేటా. సముద్రపు మంచును శాటిలైట్లు మైక్రోవేవ్ సెన్సర్లతో కొలిచిన రికార్డు 1970ల చివరి నుంచి ఉచితంగా దొరుకుతుంది. సెప్టెంబర్ మంచు ఎలా తగ్గుతూ వచ్చిందో, 2012లో ఎంత కనిష్ఠానికి పడిపోయిందో దానితో చక్కగా గీయొచ్చు. అయితే అందులో ఒక్క పిక్సెల్ సుమారు 25 కిలోమీటర్లు. ఎగ్మోర్ నుంచి తాంబరం దాకా మొత్తం ఒకే చుక్క అన్నమాట. సీల్ వేటకు వెళ్లేవాడికి కావాల్సింది ఒడ్డుకు అతుక్కున్న మంచు ఎక్కడ ఆగుతుంది, నీళ్లు ఎక్కడ మొదలవుతాయి అన్నది. ఆ అంచు ఈ చుక్కల్లో కనిపించదు.

కాబట్టి యూరప్ వాళ్ల సెంటినెల్-1 శాటిలైట్ రాడార్ చిత్రాలు తీసుకోండి. శీతాకాలపు చీకటిలో, మబ్బుల్లో కూడా అది చూస్తుంది. ఆర్కిటిక్ మొత్తం నెత్తిన వేసుకోవద్దు. నూనవుట్‌లోని పాండ్ ఇన్‌లెట్ లాంటి ఒక్క ఊరు, దాని ముందున్న నీళ్లు, ఏప్రిల్ నుంచి జులై వరకు, నాలుగైదేళ్లు చాలు. జూన్ దగ్గర జాగ్రత్త. మంచు పైపొర కరిగి మడుగులు కడుతుంది. కింద మంచు గట్టిగానే ఉన్నా సెన్సర్‌కు అది నీళ్లలా కనిపించొచ్చు. స్క్రీన్ మీద "మంచు పోయింది" అని మీరు రాసుకున్న రోజున ఎవరో దాని మీద స్నోమొబైల్ నడుపుతూ ఉండొచ్చు.

అలాంటిదే పెద్ద ఎత్తున జరిగింది అలాస్కాలో. బోహెడ్ తిమింగలాలు రెండు వేలు కూడా ఉండవన్న అంచనాతో 1977లో అంతర్జాతీయ తిమింగలాల కమిషన్ అక్కడి ఇన్యూట్‌ల వేటను నిషేధించింది. లెక్క కట్టినవాళ్లు మంచు అంచున నిలబడి, కంటికి కనిపించినవి లెక్కపెట్టారు. అవి మంచు కింద నుంచి కూడా వెళ్తాయని, సందుల్లో ఊపిరి తీసుకుంటాయని వేటగాళ్లు చెప్పారు. తర్వాత నీళ్లలో మైకులు దింపి వింటే వాళ్ల మాటే నిజమని తేలింది. అంచనా ఎన్నో రెట్లు పెరిగింది. మీ మెథడాలజీ చాప్టర్ రాసే ముందు ఈ ఉదంతం చదివి తీరాలి.

నూనవుట్‌లో మనుషుల్ని అడిగి సమాచారం తీసుకోవాలంటే దాని రాజధాని ఇకాలుయిట్‌లోని నూనవుట్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ లైసెన్స్ కావాలి. మీ పని ఏమిటో మామూలు మాటల్లో రాసిన సారాంశం ఇన్యూట్‌ల భాష ఇనుక్టిటూట్‌లో కూడా ఇవ్వాలి. ఒక్క సెమిస్టర్‌లో ఇదంతా అయ్యే పని కాదు, టెన్షన్ పడొద్దు. ఇంటర్వ్యూలు వదిలేసి, వాళ్లు ఇప్పటికే బయట పెట్టిన దాన్ని వాడండి. 1976లో అచ్చయిన ఇన్యూట్ భూవినియోగ అధ్యయనంలో వేటగాళ్లు తాము జీవితమంతా తిరిగిన దారుల్ని మ్యాపుల మీద గీసి చూపించారు. ఇన్యూట్‌ల భూమి హక్కుల మీద కుదిరిన నూనవుట్ ఒప్పందానికి పునాదుల్లో అదొకటి. సికు అనే యాప్‌లో ఇప్పటి మంచు పరిస్థితుల్ని వాళ్లే ఫొటోలతో పెడతారు. ఆ పోస్టులు పెట్టినవాళ్ల సొత్తు. షరతులు చదవకుండా డౌన్‌లోడ్ చేసుకోవద్దు.

మనుషుల్ని అడగడం ఎలాగో నేర్చుకోవాలంటే మన దగ్గరే పులికాట్ సరస్సు ఉంది. సూళ్లూరుపేట లోకల్ ఎక్కి తడలో దిగి, భీములవారిపాలెం వైపు వెళ్లండి. అక్కడ కూడా పెద్దమనుషుల అనుమతి తీసుకునే మాట్లాడాలి. నేనొకసారి సరస్సు శాటిలైట్ ప్రింట్ ఒక పెద్దాయన చేతికిచ్చాను. ఆయన ముందు దాన్ని అటూ ఇటూ తిప్పి, సరస్సు ఎటుంటే అటు సరిగ్గా పెట్టుకున్నాడు. తర్వాత పెన్ను తీసుకుని పడవ అడుగు తగిలే చోట్లన్నీ గీశాడు. నా చిత్రంలో అదంతా ఒకే రంగు నీళ్లు. ఉత్తరం పైన ఉండాలని పట్టుబట్టకుండా మ్యాపును అవతలి వాళ్ల చేతికి వదిలేయడం ఇలాంటి చోటే అలవాటవుతుంది.

ఫలితాలు ఎవరికి ముందు చెబుతారన్నది మొదటి రోజే రాసుకోండి. 1980ల చివర్లో కెనడాలోని క్యుబెక్ ఉత్తరాన నూనవిక్ అనే ఇన్యూట్ ప్రాంతంలోని తల్లుల పాలలో పీసీబీలు అనే విష పారిశ్రామిక రసాయనాలు దక్షిణాది తల్లుల కన్నా చాలా ఎక్కువగా బయటపడ్డాయి. వాటిని అక్కడ ఎవరూ తయారు చేయలేదు. గాలిలో, నీళ్లలో ఉత్తరానికి చేరి, సముద్ర జంతువుల కొవ్వులో పేరుకున్నాయి. ఆ వార్త విన్న తల్లి ఏం చేయాలి? పాలు మాన్పించాలా? బలమైన సీల్ మాంసం మానేసి కొట్లో ఖరీదైన తిండి కొనాలా? అంకె ఒక్కటే చెప్పి వదిలేస్తే భయం తప్ప ఏమీ మిగలదు. అంకెతో పాటు సలహా ఉండాలి, అది ఊరి ఆరోగ్య కార్యకర్తలతో కలిసి తయారు కావాలి.

మీ ప్రాజెక్టు అంత బరువైనది కాకపోయినా పద్ధతి అదే. థీసిస్ సబ్మిట్ చేయకముందే ఒక పెద్ద మ్యాపు, ఒక పేజీ వివరణ ఆ ఊరి వేటగాళ్ల సంఘానికి పంపండి. అనువాదం ఖర్చు బడ్జెట్‌లో ముందే వేసుకోండి. ఫోన్ చేయాలంటే చలికాలంలో మన రాత్రి ఏడున్నరకు ఇకాలుయిట్‌లో ఉదయం తొమ్మిది. వసంతంలో చాలామంది వేటకు, క్యాంపులకు వెళ్లిపోతారు. అప్పుడు మెయిల్‌కు జవాబు రాలేదని రిమైండర్ల మీద రిమైండర్లు పంపకండి, తిరిగి వచ్చేదాకా ఆగండి.