పాత స్టెర్న్‌డ్రైవ్ బోటు: డ్రైవ్‌లో లోపం ఎక్కడుందో పట్టుకుని బాగు చేయడం ఎలా?

ఇంజిన్ హోరెత్తిపోతుంది, బోటు మాత్రం నత్తలా కదులుతుంది. నాకు మొదటిసారి ఇలా అయినప్పుడు కంగారులో డ్రైవ్ మొత్తం దించేశాను. రెండు రోజులు గ్రీజులో మునిగాక తెలిసింది, పోయింది ప్రొపెల్లర్ మధ్యలో ఉండే రబ్బరు హబ్ అని. అది తేల్చుకోవడానికి ఒక మార్కర్ పెన్ను చాలు. అందుకే చెబుతున్నా, స్పానర్ పట్టే ముందు పరీక్షలన్నీ పూర్తి చేయండి.

స్టెర్న్‌డ్రైవ్‌లో ఇంజిన్ బోటు లోపల, వెనక గోడకు (ట్రాన్సమ్) ఆనుకుని ఉంటుంది. దాని శక్తి రబ్బరు కప్లర్ (ఇంజిన్‌ను షాఫ్టుతో కలిపేది), గింబల్ బేరింగ్ (ట్రాన్సమ్ దగ్గర షాఫ్టును మోసేది), యు-జాయింట్ల (వంగుతూ తిరిగే కీళ్ల) మీదుగా బయటి డ్రైవ్‌కు చేరుతుంది. అక్కడ గేర్ల ద్వారా రెండుసార్లు మలుపు తిరిగి ప్రొపెల్లర్‌కు అందుతుంది. ఈ దారిలో ఎక్కడ తెగినా బోటు కదలదు. మనం వెతకాల్సింది ఆ తెగిన చోటునే.

ముందు జాగ్రత్తలు

పెట్రోల్ ఇంజిన్ అయితే స్టార్ట్ చేసే ముందు బ్లోయర్‌ను (ఇంజిన్ గదిలోని పెట్రోల్ ఆవిరిని బయటికి తోసే ఫ్యాన్‌ను) కనీసం నాలుగైదు నిమిషాలు నడపండి. మూసిన షెడ్డులో ఇంజిన్ వేయకండి, పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణాలు తీస్తుంది. ప్రొపెల్లర్ దగ్గర చేయి పెట్టాల్సి వస్తే తాళం మీ జేబులోనే ఉండాలి. నేల మీద ఇంజిన్ నడిపేటప్పుడు నీళ్ల పైపు తప్పనిసరి. నీళ్లు లేకుండా కొన్ని సెకన్లు తిరిగినా పంపులోని ఇంపెల్లర్ రెక్కలు కాలిపోతాయి.

బోటు కదలకపోతే

ప్రొపెల్లర్ వెనక వైపు, లోపలి హబ్ మీద నుంచి బయటి గొట్టం అంచు దాకా మార్కర్‌తో ఒకే గీత గీయండి. బోటును నీళ్లలో దించి గట్టిగా థ్రాటిల్ ఇచ్చి చూడండి. బయటికి తీశాక గీత రెండు ముక్కలై పక్కకు జరిగి ఉంటే హబ్ జారుతున్నట్టే. వేరే ప్రొపెల్లర్ వేస్తే సరిపోతుంది.

గీత కదలకపోతే ఇంజిన్ ఆపి, తాళం తీసి, గేరు ముందుకు వేస్తూ ఇంకొకరిచేత ప్రొపెల్లర్‌ను నెమ్మదిగా తిప్పించండి. మెర్‌క్రూజర్ కంపెనీ ఆల్ఫా లాంటి డాగ్ క్లచ్ (పళ్లు ఒకదానిలో ఒకటి పట్టుకునే క్లచ్) డ్రైవ్ అయితే ప్రొపెల్లర్ ఒక వైపు కటకటమంటూ తిరగొచ్చు, రెండో వైపు మాత్రం ఆగిపోవాలి. రెండు వైపులా స్వేచ్ఛగా తిరుగుతోందంటే గేరు పడట్లేదు, షిఫ్ట్ కేబుల్ మీద దృష్టి పెట్టండి. ఆగాల్సిన వైపు ఆగుతూ కూడా నీళ్లలో బరువు పడితే జారుతోందంటే కప్లర్ మీద అనుమానం పెట్టుకోవచ్చు. ఫ్లైవీల్ కవరు కింద నల్లటి రబ్బరు పొడి, కాలిన వాసన ఉంటే ఇక సందేహం అక్కర్లేదు. కప్లర్ మార్చాలంటే ఇంజిన్‌ను ముందుకు జరపాలి లేదా పైకి ఎత్తాలి. ఇంట్లో తొందరపడి మొదలుపెట్టే పని కాదిది.

ఆయిల్ ఏం చెబుతోంది?

నన్నడిగితే డ్రైవ్ ఆరోగ్యాన్ని దానిలోని గేర్ ఆయిల్ చెప్పినంత బాగా ఇంకేదీ చెప్పదు. బోటును ఒక రాత్రంతా కదపకుండా ఉంచి, కింది డ్రెయిన్ స్క్రూను కొద్దిగా వదులు చేయండి. లోపల నీళ్లుంటే బరువు వల్ల ముందు అవే కారతాయి. ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే నీళ్లు బాగా కలిసిపోయాయని అర్థం. స్క్రూకు అయస్కాంతం ఉంటే దానికి బూడిద రంగు మెత్తటి పొడి అంటుకోవడం మామూలే. వేలికి గుచ్చుకునే లోహపు ముక్కలు కనిపిస్తే మాత్రం గేర్లు లేదా బేరింగులు అరిగిపోతున్నాయి. ఆ డ్రైవ్‌ను విప్పి చూడకుండా నడపొద్దు.

నీళ్లు దూరితే ఊరికే కొత్త ఆయిల్ పోసి ఊరుకోకండి, దారి కనిపెట్టండి. ఆయిల్ మొత్తం వంపేసి, చేతి పంపుతో గాలి పెట్టి, డ్రైవ్ మీద సబ్బు నీళ్లు రాయండి. మొదట తక్కువ ఒత్తిడితో మొదలుపెట్టి, మాన్యువల్ చెప్పిన అంకె దాటకుండా పెంచండి. షాఫ్టును తిప్పుతూ చూడండి. బుడగలు ఎక్కడ లేస్తే అక్కడే లీకు. కొన్ని సీళ్లు లోపలి ఒత్తిడికి నిలబడి, బయటి నుంచి మాత్రం నీళ్లు పీల్చుకుంటాయి కాబట్టి వాక్యూమ్ పరీక్ష కూడా చేయండి. చాలాసార్లు దొంగ ప్రొపెల్లర్ వెనకే ఉంటాడు: చేపల గాలపు దారం షాఫ్టుకు చుట్టుకుని సీలును కోసేస్తుంది.

కొత్త ఆయిల్‌ను కింది రంధ్రం నుంచి పైకి పంపాలి. పై నుంచి పోస్తే గాలి చిక్కుకుంటుంది. పై వెంట్ నుంచి బుడగలు లేకుండా ఆయిల్ వచ్చాక ముందు పై స్క్రూ బిగించి, తర్వాత పంపు తీసి చటుక్కున కింది స్క్రూ పెట్టండి. రెండిటికీ కొత్త వాషర్లు వేయండి.

చప్పుళ్లు

తిన్నగా పోతున్నప్పుడు నిశ్శబ్దంగా ఉండి, స్టీరింగ్ తిప్పగానే గుర్రుమంటే గింబల్ బేరింగ్. అదే మలుపులో టకటకమంటే యు-జాయింట్. రెండిటి వెనకా సాధారణంగా ఒకే కారణం ఉంటుంది: వాటిని కప్పే రబ్బరు బెలోస్ చిరిగి నీళ్లు దూరడం. డ్రైవ్‌ను పైకి లేపి, ఒక పక్కకు పూర్తిగా తిప్పి, బెలోస్ మడతల లోతుల్లో టార్చ్ వేసి చూడండి. పగుళ్లుంటే బోటును నీళ్లలో వదిలిపెట్టకండి. చిరిగిన బెలోస్ వల్ల బోటు మునిగిపోయే ప్రమాదం కూడా ఉంది.

ఇక్కడ మాత్రం డ్రైవ్ దించక తప్పదు. ఆల్ఫా అయితే గేరు ముందుకు, మెర్‌క్రూజర్‌దే అయిన బ్రావో డ్రైవ్ అయితే న్యూట్రల్‌లో ఉంచాలి. డ్రైవ్‌ను పైకీ కిందికీ జరిపే ట్రిమ్ సిలిండర్లు విప్పే ముందు డ్రైవ్ కింద జాకీ లేదా ఆధారం పెట్టండి, లేకపోతే అది ఒక్కసారిగా పడిపోతుంది. ఆరు నట్లు తీసి తిన్నగా వెనక్కి లాగాలి.

పాత బేరింగును స్లయిడ్ హ్యామర్‌తో లాగి, కొత్తది నిలువుగా కొట్టండి. గ్రీజు పెట్టే రకమైతే దాని రంధ్రం గ్రీజు నిపుల్ దారికి సరిగ్గా ఎదురుగా ఉండాలి. తర్వాత అలైన్‌మెంట్ బార్ (ఇంజిన్ తిన్నగా ఉందో లేదో చూసే కడ్డీ) దూర్చండి. అది రెండు వేళ్లతో తోస్తే కప్లర్‌లోకి పోవాలి. పోకపోతే ఇంజిన్ ముందు మౌంట్లు సర్దండి. ఈ పని వదిలేసినవాళ్ల కొత్త బేరింగు త్వరగా పాడవుతుంది, కప్లర్ పళ్లు కూడా అరిగిపోతాయి. స్ప్లైన్లకు (షాఫ్టు మీది గాడి పళ్లకు) గ్రీజు, కొత్త ఓ-రింగులు వేసి, నట్లను ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించండి. ఆల్ఫాలో వాటి బిగింపు 50 అడుగు-పౌండ్లు, అంటే 68 న్యూటన్-మీటర్లు.

గేరు బిగుసుకుంటే

ఆల్ఫాలో గేరు తీసేటప్పుడు ఒక చిన్న స్విచ్ క్షణం పాటు ఇగ్నిషన్ కట్ చేసి గేరుకు వెసులుబాటిస్తుంది. కేబుల్ తుప్పుపట్టి బిగుసుకుంటే ఆ స్విచ్ ఎక్కువసేపు నొక్కుకుని ఇంజిన్ ఆగిపోతుంది. జనం కార్బ్యురేటర్‌ను తిట్టుకుంటారు గానీ పాపం దాని తప్పేమీ ఉండదు! కింది కేబుల్‌ను ఒక చివర విప్పి లోపలి తీగను చేత్తో జరిపి చూడండి. పట్టేస్తోందంటే మార్చేయండి, నూనె పోసి లాక్కురావద్దు. గేరులో ఉండగా గరగర చప్పుడొస్తే గేరు సగమే పడుతోంది, వెంటనే ఆపండి. పళ్ల అంచులు గుండ్రమైపోయాక కేబుల్ సర్దినా లాభం ఉండదు.

ట్రిమ్ పనిచేయకపోతే పంపులో నూనె, బ్యాటరీ, రిలే చప్పుడు, లిమిట్ స్విచ్, ఈ వరసలో చూసుకుంటే చాలు.

డ్రైవ్‌నే మార్చాల్సి వస్తే సీరియల్ నంబరుతో పాటు గేర్ నిష్పత్తి చూసుకోండి. బయటికి ఒకేలా కనిపించే రెండు ఆల్ఫా డ్రైవ్‌లలో ఒకటి నాలుగు సిలిండర్ల ఇంజిన్‌ది, ఇంకొకటి వి8ది కావచ్చు. ఓఎంసీ కంపెనీ చేసిన కోబ్రా డ్రైవ్ ఉన్నవాళ్లు ముందుగా విడిభాగాలు దొరుకుతాయో లేదో చూసుకోండి. ఆ కంపెనీ 2000 డిసెంబర్‌లోనే దివాలా తీసింది.

పని అయ్యాక మొదటిసారి నీళ్లలోకి దించినప్పుడు వెంటనే బయల్దేరకండి. పది నిమిషాలు ఒడ్డునే ఉంచి, బోటు లోపల ట్రాన్సమ్ దగ్గర చేయి పెట్టి తడి తగులుతోందేమో చూడండి. తడి లేకపోతే నెమ్మదిగా ఒక చుట్టు తిప్పి రండి. మర్నాడు ఉదయం కింది స్క్రూను మళ్లీ కొంచెం వదులు చేసి, మొదటి చుక్క నీళ్లా, ఆయిలా చూడండి.