ప్రసంగం ఎత్తుగడ కుదరకపోతే: లోపం పట్టుకోవడం, సరిచేయడం

ముందుగా ఒక పని చేయండి. ఎత్తుగడ, అంటే ప్రసంగాన్ని మొదలుపెట్టే మాటలు, రాసిన కాగితం చేతబట్టుకుని నిలబడి, గడియారం చూసుకుంటూ, గొంతెత్తి చదవండి. సరిచూడమని నా దగ్గరికి వచ్చే ప్రసంగ పాఠాల్లో ఎక్కువ భాగం ఒక్కసారైనా పైకి చదవనివే. మాటలు మార్చి మార్చి అలసిపోతారు గానీ ఈ చిన్న పని చేయరు. పైకి చదివితే ఊపిరి అందని వాక్యం, నోరు తిరగని మాట, రెండు నిమిషాలు గడిచినా రాని అసలు విషయం వాటంతటవే బయటపడతాయి. పది నిమిషాల ప్రసంగానికి ఒక నిమిషం ఎత్తుగడ చాలు. ఇది చేశాక కూడా లోపం మిగిలితే కింద చూడండి.

సమస్య: మొదటి అర నిమిషంలోనే సభ చూపు పక్కకు పోతోంది

కారణం: మొదటి వాక్యాలు మర్యాద కోసం రాసినవి, విషయానివి కావు. పేరుపేరునా వందనాలు, కృతజ్ఞతలు, ఆపైన "నేను పెద్ద వక్తను కాను" అన్న మనవి.

పరిష్కారం: సంబోధన ఒక్క వాక్యంలో ముగించండి. కృతజ్ఞతలను చివరికి జరపండి. ఆ మనవిని పూర్తిగా కొట్టేయండి. శ్రోతకు లేని అనుమానాన్ని మీరే కలిగించకండి.

సమస్య: ఎత్తుగడ బాగా పండింది, మూడో నిమిషానికి సభ జారిపోయింది

అందరూ పొరబడేది ఇక్కడే. మొదలు బాగుంది కాబట్టి లోపం మధ్యలో ఉందనుకుని అక్కడ మరో రెండు పిట్టకథలు చేరుస్తారు. నేనూ చాలాకాలం అదే చేశాను.

ఒకసారి రక్తదానం మీద మాట్లాడుతూ, దారిలో గాయపడి పడి ఉన్న మనిషిని ఎవరూ పట్టించుకోకుండా సాగిపోయిన కథతో మొదలుపెట్టాను. సభ ఊపిరి బిగబట్టి విన్నది. తర్వాత నేను చెప్పిందల్లా క్రమం తప్పకుండా రక్తం ఎందుకివ్వాలో. చివర్లో వచ్చిన ప్రశ్నలన్నీ ఒక్కటే: దారిన పోయేవాళ్లు ఎందుకు ఆగరు? నా కథ ఒక ప్రశ్న లేపింది, నా ప్రసంగం మరో ప్రశ్నకు జవాబిచ్చింది. పది నిమిషాలూ సభ తన ప్రశ్నకు జవాబు కోసం ఎదురుచూసింది.

కారణం: ఎత్తుగడను ముందు రాస్తాం. రాస్తున్నకొద్దీ ప్రసంగం దారి మారుతుంది. ఎత్తుగడ మీద మమకారం కొద్దీ దాన్ని మాత్రం ముట్టుకోం. క్రీ.పూ. 55లోనే రోమన్ వక్త సిసిరో వక్తృత్వం మీద రాసిన తన గ్రంథంలో ఆంటోనియస్ అనే వక్త చేత ఈ మాట చెప్పించాడు: మొదట పలకాల్సినదాన్ని అన్నిటికన్నా చివర ఆలోచిస్తాను, ముందే వెతికితే పసలేని మాటలే దొరికాయి అని.

పరీక్ష: విషయం తెలియని ఒకరికి ఎత్తుగడ మాత్రం వినిపించి ఆపండి. "తర్వాత దేని గురించి చెబుతాననుకుంటున్నారు?" అని అడగండి. వారి జవాబు మీ ప్రసంగపు ముఖ్య వాక్యానికి దగ్గరగా లేకపోతే, ఎంత అందమైనదైనా ఆ ఎత్తుగడ పనికిరాదు.

పరిష్కారం: ముఖ్య వాక్యాన్ని కాగితం పైన రాసుకుని, అది జవాబయ్యే ప్రశ్న ఏమిటో వెతకండి. ఆ ప్రశ్నను లేపేదే ఎత్తుగడ. నా ప్రసంగానికి తర్వాత పెట్టుకున్న మొదటి వాక్యం ఇది: "ఈ రోజు మీరిచ్చే రక్తంలోని ఎర్రకణాలు ఆరు వారాలకు మించి నిల్వ ఉండవు." మరి ఆ తర్వాత ఎవరిస్తారు అని శ్రోత తనంతట తానే అడుగుతాడు.

అమెరికా అంతర్యుద్ధం నడుస్తుండగా, 1863 నవంబరు 19న గెటిస్‌బర్గ్‌లో ఆ దేశాధ్యక్షుడు లింకన్ మాట్లాడింది యుద్ధమృతుల శ్మశానవాటికను అంకితం చేసే సభలో. కన్నీటి కథతో మొదలుపెట్టడం తేలిక. ఆయన ముందున్న ప్రశ్న ఈ దేశం నిలుస్తుందా అన్నది కాబట్టి, 87 ఏళ్లు వెనక్కి వెళ్లి దాని పుట్టుకతో మొదలుపెట్టాడు. స్వేచ్ఛకు మరో పుట్టుక కావాలంటూ ముగించాడు. మొత్తం సుమారు 270 మాటలు.

అరుదైనవి

హాస్యం పేలకపోతే తీసేయండి, మరొకటి వెతకకండి. సూక్తితో మొదలుపెట్టి అది ఎవరిదో గుర్తురాక తడబడితే, సూక్తి వదిలి సొంత మాట చెప్పండి. గొంతు వణికితే మొదటి రెండు వాక్యాలు మాత్రం కంఠస్థం చేయండి. మైకు సంగతి సభకు ముందే చూసుకోండి.