ముక్కూ మొహం తెలియని మనిషికి పాటల సీడీ – మూడో పాఠం: వరుస కట్టడం

పోయిన పాఠంలో మీకు ప్రాణమైన పాటలు ఒక ముప్పై దాకా ఏరి పక్కన పెట్టమన్నాను. ఆ ఫోల్డర్ తెరిచి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఈ పాఠం మొదలుపెట్టండి, ఎందుకంటే ఇది చెవితో చేసే పని, చదివితే వచ్చేది కాదు.

ముందు లెక్క తేల్చుకుందాం. ఖాళీ సీడీ-ఆర్ మీద 700 ఎంబీ, 80 నిమిషాలు అని ఉంటుంది. మనకు పనికొచ్చేది రెండో అంకె, ఎందుకంటే మనం చేసేది మామూలు ఆడియో సీడీ. ఎంపీ3 ఫైళ్లుగా వేస్తే నూట యాభై పాటలు పడతాయి కదా అంటారు చాలామంది. నిజమే, పడతాయి. కానీ అవతలి మనిషి ఇంట్లోనో కారులోనో ఏ ప్లేయర్ ఉందో మనకు తెలియదు, పాతవాటిలో చాలావాటికి ఎంపీ3 పాడటం రాదు. అసలు కారణం అది కూడా కాదు. నూట యాభై పాటలు చేతిలో పెడితే ఎవరూ మొదటి నుంచి చివరి దాకా వినరు, మధ్యలో ఎక్కడో ఒకటి నొక్కి, ఇంకోటి నొక్కి, పక్కన పెట్టేస్తారు. మనం ఎవరో తెలియని మనిషికి మనల్ని పరిచయం చేసేది పాటల వరుసే, అది పోగొట్టుకుంటే ఇంత శ్రమా దండగ.

80 నిమిషాలూ నింపొద్దు, 76 దగ్గర ఆపండి. సీడీ లోపలి నుంచి బయటి అంచు వైపు రాసుకుంటూ పోతుంది, వేలిముద్రలు ఎక్కువగా పడేది ఆ అంచు మీదే, ముసలి ప్లేయర్లు తడబడేదీ అక్కడే. మీరు ఎంతో ఆలోచించి పెట్టిన ఆఖరి పాట టకటకమని ఆగిపోతే ఎంత బాధ! యాభైల నాటి పాటలు మూడు, మూడున్నర నిమిషాలుంటాయి, ఎనభైల పాటలు నాలుగున్నర నుంచి ఐదు. కలిపితే పదహారో పదిహేడో పడతాయి. అంటే ముప్పైలో సగం తీసేయాలి.

ఏవి తీసేయాలి? ఇక్కడ కొంచెం కఠినంగా ఉండాలి. ప్రతి పాటనీ కళ్లు మూసుకుని విని ఒకటే ప్రశ్న వేసుకోండి: నాకు ఈ పాట నచ్చుతోందా, లేక ఆ సినిమాలో సీను, ఆ హీరో, నేను కాలేజీకి వెళ్లిన బస్సు గుర్తొచ్చి నచ్చుతోందా? ఆ సీనూ ఆ బస్సూ డిస్కులోకి ఎక్కవు. స్నేహితుడికి ఇచ్చే సీడీ అయితే ఫరవాలేదు, అతనికీ ఆ బస్సు తెలుసు. తెలియని మనిషికి చేరేది శబ్దం ఒక్కటే. మాట మీదే నిలబడిన పాట ఉండి, వినేవారికి తెలుగు రాకపోతే, అలాంటిది ఒక్కటి ఉంచుకోండి చాలు, దాని అర్థం రెండు వాక్యాల్లో కాగితం మీద రాసి పంపుదాం. అవతలివాళ్లకి ఏం నచ్చుతుందో అని మాత్రం టెన్షన్ పడొద్దు. ఊహించి పెట్టిన పాటలు మీవీ కావు, వాళ్లవీ కావు.

ఇప్పుడు అసలు సంగతి, వరుస. కొత్తగా ఏమీ కనిపెట్టక్కర్లేదు, మన కర్ణాటక కచేరీ ఉంది. ఇప్పుడు వింటున్న కచేరీ పద్ధతికి ఒక రూపం ఇచ్చింది గాయకుడు అరియకుడి రామానుజ అయ్యంగార్ అంటారు. వర్ణంతో మొదలు, వెంటనే చురుకైన చిన్న కృతులు, తర్వాత తీరిగ్గా విస్తరించే పెద్ద కృతి, తని ఆవర్తనం (మృదంగం లాంటి తాళవాద్యాలు మాత్రమే వాయించే భాగం), ఆ బరువు దిగాక జావళీ, తిల్లానా లాంటి తేలికైనవి, చివర మంగళం. ఒకే రాగం, ఒకే తాళం వెంటవెంటనే రాకుండా చూసుకుంటారు. సినిమా పాటలకైనా, జానపదానికైనా, రాక్‌కైనా ఇదే సూత్రం వాడుకోవచ్చు.

మొదటి పాట మధ్య లయలో ఉండాలి, అరనిమిషం లోపే గొంతు వినిపించాలి. నిమిషన్నర వాయిద్యాల తర్వాత మొదలయ్యే పాట ఎంత గొప్పదైనా ఆరో స్థానంలో పెట్టండి, అప్పటికి మీ మీద నమ్మకం కుదిరి ఓపిగ్గా వింటారు. రెండోది చురుకు. అన్నిటికన్నా బరువైన పాట పదో పదకొండో స్థానంలో ఉండాలి, దాని వెంట తప్పకుండా తేలికైనది రావాలి. క్యాసెట్ రోజుల్లో రికార్డింగ్ షాపుకి చీటీ రాసి ఇచ్చేవాళ్లం కదా, సి-60 అయితే 30 నిమిషాలకి, సి-90 అయితే 45కి క్యాసెట్ తిప్పాల్సి వచ్చేది, వినేవాళ్లకి ఊపిరి పీల్చుకునే చోటు దానంతటదే దొరికేది. సీడీకి ఆ మలుపు లేదు. అందుకే నలభై నిమిషాల దగ్గర ఒక చిన్న వేణువు ముక్కో, వీణ ముక్కో పెట్టండి.

తర్వాత అతుకులు. ఎక్కువ టైమ్ పెట్టాల్సింది వీటి మీదే. పాటలు మొత్తం వినక్కర్లేదు, ఒకదాని చివరి 20 సెకన్లు, తర్వాతి దాని మొదటి 20 సెకన్లు వినండి. మొదటి పాట అయిపోతుండగా దాని ఆధార షడ్జమాన్ని, అదే ‘సా’ని, గొంతులో పట్టుకుని అలాగే కూనిరాగంలా సాగదీస్తూ రెండో పాటలోకి వెళ్లండి. మీ ‘సా’ కొత్త పాటలోనూ ‘సా’గానో, ‘మా’గానో, ‘పా’గానో ఒదిగిపోతే అతుకు కుదిరినట్టే. అరస్వరం తేడాతో గీసుకుంటే చెవికి గుచ్చుకుంటుంది, సంగీతం రానివాళ్లకి కూడా. అప్పుడు ఆ రెంటి మధ్యకి ఇంకో పాట తెచ్చి చూడండి. శ్రుతి పట్టడం కష్టమనిపిస్తే హార్మోనియమో, ఫోన్లో తంబురా యాపో సాయం తీసుకోండి.

ఒక ఉదాహరణ. 1957 నాటి ‘మాయాబజార్’లో ఘంటసాల, లీల పాడిన ‘లాహిరి లాహిరి లాహిరిలో’ మోహన రాగం. 1988లో ఇళయరాజా స్వరాల్లో చిత్ర పాడిన ‘నిన్ను కోరి వర్ణం’ కూడా మోహనే. మధ్యలో ముప్పై ఏళ్లు. రెండూ పక్కపక్కన పెడితే ఒకదాన్ని ఒకటి మింగేస్తాయి. నడుమ వేరే రాగంలో ఒక పాట పెట్టి వినండి, రాగం పేరు తెలియని మనిషి కూడా మూడో పాట మొదలవగానే ఏదో తెలిసిన ఇంటికి వచ్చినట్టు తల ఊపుతాడు. ఇలాంటి జత ఒక్కటి ఉన్నా సీడీకి వెన్నెముక దొరికినట్టే.

ఇంకో జాగ్రత్త: మెల్లగా తగ్గిపోతూ ముగిసే పాట వెనక మెల్లగా మొదలయ్యే పాట పెట్టొద్దు, సీడీ అయిపోయిందనుకుని తీసేస్తారు. దాని వెనక తబలాతోనో డ్రమ్స్‌తోనో మొదలయ్యేది పెట్టండి.

సౌండ్ సంగతి. పాత మోనో రికార్డింగులు తక్కువ సౌండ్‌తో ఉంటాయి, తొంభైల చివరి నుంచి వచ్చినవి చెవులు పగిలేలా ఉంటాయి. పాతదాన్ని పెంచకండి, పెంచితే గాలి రొద కూడా పెరుగుతుంది, గొంతు హైపిచ్‌లోకి వెళ్లిన చోట పగులుతుంది. కొత్తదాన్నే తగ్గించండి. ఆడాసిటీ అనే సౌండ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో, సౌండ్ పెంచే తగ్గించే ‘ఆంప్లిఫై’ తెరిచి మైనస్ 4 డెసిబెల్స్ దగ్గర మొదలుపెట్టి, అతుకు దగ్గర విని సరిచూసుకోండి.

వచ్చే పాఠానికి హోమ్‌వర్క్: ఫైళ్ల పేర్ల ముందు 01, 02, 03 అని వేయండి, ఉత్త 1, 2 అని వేస్తే కొన్ని సాఫ్ట్‌వేర్లు 1 తర్వాత 10ని తెచ్చి పెడతాయి. మొత్తం 76 నిమిషాలూ ఒక్క బిగిన వినండి, కంప్యూటర్ ముందు కాదు, వంట చేసుకుంటూనో బట్టలు మడతపెట్టుకుంటూనో. ‘తర్వాతి పాట’ నొక్కాలని చెయ్యి లాగిన ప్రతి చోటూ కాగితం మీద రాసుకోండి. ఆ పాటలు ఎంత ఇష్టమైనా సరే, చోటు మార్చండి, లేదా తీసేయండి. నాలుగో పాఠంలో డిస్క్ రాయడం, పాటల మధ్య రెండు సెకన్ల ఖాళీని ఎక్కడ ఉంచాలో ఎక్కడ తీసేయాలో చూద్దాం. ఈలోపు డిస్క్ పైన బాల్‌పెన్నుతో ఏమీ రాయకండి, పాటలుండే పొర ఆ పైవైపు పూతకి సరిగ్గా కిందే ఉంటుంది, మెత్తటి మొనున్న మార్కర్ ఒకటి కొని ఉంచండి.